క్లినికల్ డేటా ఉద్యోగాలు: సాఫ్ట్‌వేర్ కంటే ముందు జబ్బును చదవండి

హైటెక్ సిటీ అనగానే ఇప్పటికీ చాలామంది విద్యార్థులకు గుర్తొచ్చేది కోడింగే. ఈ కారిడార్‌లో కొన్నేళ్లుగా మందుల కంపెనీల బోర్డులూ పెరుగుతున్నాయి. నోవార్టిస్ ఎప్పటినుంచో ఉంది. బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్ 2024లో, ఆమ్‌జెన్ 2025 ఫిబ్రవరిలో, ఎలీ లిల్లీ అదే ఏడాది ఆగస్టులో ఇక్కడ కేంద్రాలు తెరిచాయి. ఈ భవనాల్లో మాత్రలు తయారుకావు. వివిధ దేశాల్లో క్యాన్సర్, గుండె జబ్బుల మందుల మీద జరిగే ట్రయల్స్ సమాచారాన్ని సరిచూసి, విశ్లేషించే పనులు ఇక్కడ సాగుతుంటాయి. క్లినికల్ డేటా మేనేజర్, స్టాటిస్టికల్ ప్రోగ్రామర్, బయోస్టాటిస్టీషియన్, డ్రగ్ సేఫ్టీ అసోసియేట్ వంటి కొలువులు ఇందులోనివే. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవారికి ఇవి అందుబాటులో ఉన్నాయి. ‘సాస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే సరిపోతుందా?’ అని చాలామంది అడుగుతారు. సరిపోదన్నదే నా జవాబు. సాఫ్ట్‌వేర్ కావాలి, కాదనను. అయితే అంతకన్నా ముందు ఒక జబ్బును, ఆ జబ్బు మీద పరిశోధన సాగే తీరును చదవాలి. ఈ రంగంలో నిలబెట్టేది ఆ చదువే.

క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన కాలేయ కొవ్వు సంగతే చూడండి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలోని ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వెలువడింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతానికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతానికి ఊబకాయం ఉంది. ఈ అంకెలను పట్టికలో పెట్టడం ఏ ప్రోగ్రామర్‌కైనా వచ్చు. వాటిని బట్టి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో తేల్చడమే అసలు పని. గంటల తరబడి కూర్చుని చేసే ఉద్యోగమే ఇందుకు కారణమని ఒక్కసారి చేసిన పరీక్షలతో రుజువు కాదు. నగరంలోని ఐటీ ఉద్యోగులందరికీ ఆ 84 శాతాన్ని వర్తింపజేయాలంటే ఆ 345 మందిని ఎలా ఎంచుకున్నారో ముందు చూడాలి. కాలేయ కొవ్వు కొందరిలో సిర్రోసిస్‌కు, కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కానీ ఈ సమస్య ఉన్నవారి మరణాలకు పెద్ద కారణం గుండె జబ్బులు. ఈ విషయం తెలియని విశ్లేషకుడు గుండెపోటుతో చనిపోయినవారినీ, ఇంకా క్యాన్సర్ ముప్పు మిగిలి ఉన్నవారినీ ఒకే గాటన కడతాడు. ప్రోగ్రామ్ ఏ పొరపాటూ చూపకుండానే నడుస్తుంది, ముప్పు అంచనా మాత్రం తప్పుతుంది.

పాలియేటివ్ రిహాబిలిటేషన్‌లో జబ్బును చదవాల్సిన అవసరం మరింత తెలిసివస్తుంది. జబ్బు పూర్తిగా నయం కాకపోయినా నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించి, రోగి వీలైనంత కాలం తన పనులు తాను చేసుకునేలా తోడ్పడటం దీని ఉద్దేశం. డాక్టర్‌తో పాటు నర్సు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, సోషల్ వర్కర్ కలిసి చేసే పని ఇది. పాలియేటివ్ సేవలు చివరి రోజులకే పరిమితమన్న అపోహను అమెరికాలో 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగి, 2010లో వెలువడిన అధ్యయనం సడలించింది. మొదటినుంచీ పాలియేటివ్ సేవలు అందినవారి జీవన నాణ్యత మెరుగుపడింది. వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. ఇలాంటి అధ్యయనాల్లో జీవన నాణ్యతను కొలిచేది రోగి స్వయంగా నింపే ప్రశ్నపత్రంతో. బాగా నీరసించినవారు దాన్ని నింపలేరు. ఆ ఖాళీలను పక్కన పెట్టి సగటు కడితే ఓపిక ఉన్నవారి జవాబులే మిగులుతాయి. చికిత్స ఉన్నదానికన్నా ఎక్కువ మేలు చేసినట్టు కనిపించవచ్చు. ఖాళీ గడి వెనుక మంచం దిగలేని మనిషి ఉండొచ్చన్న ఎరుక సాఫ్ట్‌వేర్ క్లాసులో రాదు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి పాలియేటివ్ విభాగం, ఐటీ టవర్లకు దగ్గర్లోనే ఖాజాగూడలో ఉన్న స్పర్శ్ హాస్పిస్ వంటి చోట్ల అది అలవడుతుంది.

గుండె విషయంలోనూ అంతే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2009లో ‘నేచర్ జెనెటిక్స్’లో ఒక ఫలితం ప్రచురించారు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, గుండె కండరం బలహీనపడినవారిలో అది ఎక్కువగా కనిపిస్తోందనీ అందులో చూపారు. ఆ లోపం ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు. రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చిన లెక్కకూ, ఒక మనిషికి జబ్బు వచ్చే అవకాశానికీ తేడా ఉంది. ఆ తేడా చెరిగిపోతే కోట్లమందిని అనవసరంగా భయపెట్టినట్టవుతుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు మిగతావారికన్నా చిన్న వయసులోనే వస్తోందని 2004 తర్వాతి విశ్లేషణల్లో తేల్చింది. అందుకే పాశ్చాత్య జనాభా నుంచి తయారైన ముప్పు సూత్రాన్ని మన రోగుల డేటాకు ఉన్నదున్నట్టు వాడేముందు ఆగి ఆలోచించాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు వినిపిస్తాయి. ఇంటర్వ్యూల్లో అడిగేది సాస్, ఆర్ సాఫ్ట్‌వేర్లు, ట్రయల్ డేటాకు వాడే సీడిస్క్ ప్రమాణాల గురించే కదా అంటారు. నిజమే, గేటు దాటడానికి అవి అవసరం. ఒకదాన్ని గట్టిగా నేర్చుకోండి. అయితే అదే కోర్సు చేసినవారు వందల్లో ఉంటారు. ట్రయల్ ప్రోటోకాల్ చదివి ప్రశ్న అడగగలిగినవారు కొద్దిమందే. డేటా పనులన్నీ ఏఐ చేసేస్తుందన్నది ఇంకో భయం. మామూలు తనిఖీలు, కోడ్ రాయడం యంత్రాలకు వెళ్లడం మొదలైంది కూడా. ఈ భయం నా వాదననే బలపరుస్తోంది. అర్థం తెలియకుండా చేసే పనే ముందుగా పోతుంది. డాక్టర్ చదువు లేకుండా జబ్బులు ఎలా అర్థమవుతాయన్నది మూడో సందేహం. వైద్యమంతా చదవమనడం లేదు. ఒక్క జబ్బు మొదలయ్యే తీరు, పరీక్షలు, చికిత్స, ఫలితాన్ని కొలిచే పద్ధతి తెలుసుకుంటే చాలు. ఆస్పత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరితే మొదట్లో జీతం తక్కువన్నదీ వాస్తవమే. ఇంటి బాధ్యతలున్నవారు కంపెనీ ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో హాస్పిస్‌లో వాలంటీరుగా సేవ చేస్తూనైనా ఈ అనుభవం పొందవచ్చు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా (సీటీఆర్‌ఐ)లో నమోదు చేయడం తప్పనిసరి. ఆ వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీరు ఎంచుకున్న జబ్బు మీద నమోదైన ఒక ట్రయల్ తెరిచి ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు, దేన్ని ఫలితంగా కొలుస్తున్నారు అని రాసుకోండి. ఫార్మ్‌డీ విద్యార్థులు వార్డు పోస్టింగులను హాజరు కోసం కాకుండా నేర్చుకోవడానికి వాడుకోవాలి. పై చదువు కావాలనుకునేవారికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది. ఉద్యోగం గ్యారంటీ అంటూ వేలకు వేలు అడిగే శిక్షణ సంస్థకు డబ్బు కట్టేముందు, అక్కడ చదివి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవారితో నేరుగా మాట్లాడండి. మీరు సరిచేసే ప్రతి వరుసా ఒక రోగిది. ఆ రోగి జబ్బేమిటో తెలుసుకున్నాకే డేటా మీద చేయి వేయండి.