ఆర్ భాష, ఏఐ సహాయకులు: నడుమ ఎంసీపీ

ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పోటీ పరీక్షల సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగంలో అడగదగ్గ అంశం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఓపెన్ ప్రమాణమిది. సందేశాలకు జేసన్-ఆర్‌పీసీ 2.0 వాడుతుంది. హోస్ట్, క్లయింట్, సర్వర్ దీని భాగస్వాములు. సర్వర్ అందించేవి టూల్స్, రిసోర్సెస్, ప్రాంప్ట్స్ (ఈ రెండు త్రయాలను కలిపేసుకోవద్దు). ఇక గణాంక భాష ఆర్‌ను రూపొందించింది రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో, మాతృక బెల్ ల్యాబ్స్ వారి ఎస్ భాష, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఎంసీపీ ద్వారా ఆర్‌ను ఏఐ సహాయకులతో కలిపే ప్యాకేజీ ఎంసీపీటూల్స్.

ఈ కలయిక అవసరమా? అవసరమే. ఏఐ సహాయకుల వెనకున్న భాషా నమూనా తర్వాతి పదాన్ని అంచనా కడుతుంది. సగటును సైతం నమ్మకంగా తప్పు చెప్పగలదు. ఆర్ నిజంగా లెక్కిస్తుంది, అదే కోడ్‌ను మళ్లీ నడిపి సరిచూడొచ్చు. అయితే తప్పు పరీక్షను ఎంచుకుంటే సరైన లెక్క కూడా దారి తప్పిస్తుందన్న అభ్యంతరం బలమైనదే. అందుకే కోడ్ కంటికి కనబడాలి, నడిపేముందు మనిషి అనుమతి ఉండాలి. డేటా గోప్యత మరో చిక్కు. ఇక్కడ డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 గుర్తుంచుకోండి. పద్ధతి ఎంపికకు గణాంకశాస్త్రం తెలియాలి కనుక గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావునూ వదలొద్దు: క్రామెర్-రావు అసమానత 1945, పద్మవిభూషణ్ 2001, అంతర్జాతీయ గణాంక బహుమతి 2023, ఆయన పేరిటి సంస్థ హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది.