ఏ ఫైలుకు తాళం? ఏ ఫైలుకు కుదింపు?

వెల్లింగ్టన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్ల ల్యాప్‌టాప్ ఒకసారి తెరిచి చూడండి. పాస్‌పోర్టు స్కాన్, ఐఆర్‌డీ (పన్ను) నంబరు ఉన్న ఉత్తరం, ఇంటి అద్దె ఒప్పందం, మౌంట్ విక్టోరియా మీద తీసిన వీడియోలు, ఎప్పటిదో కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు... అన్నీ డెస్క్‌టాప్ మీదే! డిస్కు నిండిందని ఒకరోజు కంగారు, ఎవరి కంటైనా పడతాయేమోనని ఇంకోరోజు బెంగ. నిజానికి అలా పేరుకున్న ప్రతి ఫైలూ మీరు వాయిదా వేసిన నిర్ణయమే.

విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కయితే అక్కడ కింది భాగంలో రెండు గడులుంటాయి. ఒకటి చోటు మిగిల్చే కంప్రెషన్, రెండోది గుట్టు కాపాడే ఎన్‌క్రిప్షన్. ఒకదానికి టిక్ పెడితే రెండో టిక్ పోతుంది. అక్కడ తేల్చుకోక తప్పదు. ఎలాగంటారా?

1. బయటపడితే నష్టమా? తాళం వేయండి. వ్యక్తుల సమాచారాన్ని భద్రంగా ఉంచాలి, అవసరం తీరాక అట్టిపెట్టుకోకూడదు అని న్యూజీలాండ్ ప్రైవసీ చట్టం-2020 సంస్థలకు చెబుతోంది. ఆ నియమం మనకు మనమే పెట్టుకుందాం. పాస్‌పోర్టు, జీతం స్లిప్పులు ఎన్‌క్రిప్ట్ చేయండి. పనికిరాని కాపీలు తీసేయండి.

2. అరుదుగా తెరుస్తారా? కుదించండి. పాత రిపోర్టుల టెక్స్ట్ ఫైళ్లు బాగా తగ్గుతాయి. జేపెగ్ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించి ఉంటాయి. వాటి మీద శ్రమ దండగ.

3. రెండూ కావాలా? వరస తప్పకండి. ఎన్‌క్రిప్ట్ చేశాక డేటా గజిబిజి అయిపోతుంది, కుదించడానికి అందులో ఏమీ మిగలదు. అందుకే ముందు కుదింపు, తర్వాత తాళం. 7-జిప్ అనే ప్రోగ్రాంలో పాస్‌వర్డ్ పెడితే రెండూ ఒకేసారి అయిపోతాయి. విండోస్ హోమ్ వాడేవాళ్లకూ ఇదే దారి, అందులో ఆ ఎన్‌క్రిప్షన్ గడి పనిచేయదు.

4. తాళంచెవి మరవకండి. ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్‌ను విడిగా దాచుకోకుండా విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారో, మీ ఫైలు మీకే తెరుచుకోదు. ఇంకో మాట. గడిలో టిక్ పెట్టి వేసిన తాళం మీ డిస్కు వరకే. ఆ ఫైలును ఈమెయిల్‌కు జోడిస్తే తాళం లేకుండానే వెళ్తుంది.

ఈ వారాంతం ఒక గంట కూర్చోండి. ఒక్కో ఫైలును చూసి దాచాలా, కుదించాలా, పారేయాలా, అలాగే వదిలేయాలా అన్నది అక్కడికక్కడే తేల్చేయండి. 'తర్వాత చూద్దాం' అనే ఫోల్డర్ మాత్రం పెట్టకండి.