విమానచోదకుల ఎంపిక పరీక్ష

విమానము నడుపువాని సామర్థ్యమంతయు చేతులలో నున్నదని లోకులు సామాన్యముగా తలంతురు. చేతి నేర్పు లేనిదే ఆ పని సాగదనుట నిజమే. కాని విమానసంస్థలు చోదకుని ఉద్యోగమున చేర్చుకొనునపుడు అతని చేతులనే గాక బుద్ధిని, మాటను, నడవడిని కూడ పరీక్షించును. ఆ పరీక్ష యెట్లు జరుగునో, అందలి ప్రశ్నల యర్థమేమో మన పాఠశాల బాలబాలికల కుపయోగపడునట్లు ఇచ్చట సంగ్రహముగా వివరింప బూనితిమి.

1. ముందుగా కావలసినవి

ఇంటర్వ్యూకు పోవుటకు ముందే అభ్యర్థికి లైసెన్సు ఉండవలెను. మన దేశమున కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందగోరువారికి 18 సంవత్సరముల వయస్సు నిండవలెను. వారు 200 గంటలు విమానమును నడిపి యుండవలెను. మొదటి తరగతి వైద్యపరీక్షలో నెగ్గవలెను. రేడియోలో మాటలాడుటకు వలయు ఇంగ్లీషు వచ్చునని నిరూపింపవలెను. తాము నడిపిన ప్రతి ప్రయాణమును తేదీతోను, కాలముతోను లాగుబుక్కున వ్రాసికొనవలెను. ఇంటర్వ్యూ నాడు పరీక్షకులు ఆ పుస్తకమును తిరుగవేసి చూతురు. లెక్క కుదరని చోట ప్రశ్న పుట్టును.

2. పరీక్షల క్రమము

సంస్థకును సంస్థకును కొంత భేదమున్నను, క్రమము ఇంచుమించుగ నొక్కటే. మొదట వ్రాతపరీక్షయు, మనస్తత్వ పరీక్షయు జరుగును. తరువాత కొందరభ్యర్థుల నొకచోట కూర్చుండబెట్టి, ఒక చిక్కు సమస్య నిచ్చి, వారొకరితో నొకరు కలిసి యెట్లు పని చేయుదురో గమనింతురు. అందు బిగ్గరగా మాటలాడినవాడే గెలుచునని తలపరాదు. ఇతరుల మాట వినువాడును, మౌనముగా నున్నవానిని అభిప్రాయ మడుగువాడును మెప్పు పొందును. పిమ్మట సిమ్యులేటరు, అనగా నేలమీదనే యుండి విమానయానము ననుకరించు యంత్రము, నందు నడిపించి చూతురు. ఇంటర్వ్యూలో పెద్దలు కొందరు ఎదుట కూర్చుండి ప్రశ్నింతురు.

3. శాస్త్రసంబంధమైన ప్రశ్నలు

ఉదాహరణమునకు, "విమానము నేల విడుచుటకు పరుగిడుచుండగా ఒక ఇంజను చెడినచో ఏమి చేయుదురు?" అని యడుగుదురు. దీనికి వీ వన్ అను నిర్ణయవేగము ఆధారము. ఆ వేగము నందుకొనకముందే ఇంజను చెడినచో విమానమును రన్‌వే మీదనే ఆపవలెను. ఆ వేగము దాటిన పిదప చెడినచో ఆపబూనరాదు. ఏలయన ఆగుటకు మిగిలిన రన్‌వే చాలదు. కావున మిగిలిన ఇంజనుతోనే పైకి లేచి, తరువాత క్షేమముగా దిగు నుపాయము చూడవలెను. ఆ వేగము ప్రతి ప్రయాణమునకు ముందే బరువును, రన్‌వే పొడవును, గాలిని బట్టి లెక్కింపబడును. ఆపద వచ్చిన క్షణమున ఆలోచించుటకు వ్యవధి లేదు గనుక ఆలోచన ముందే ముగియవలెను.

4. నడవడిని గూర్చిన ప్రశ్నలు

"మీ పై యధికారి తీర్పు మీకు సరిగా తోపని సందర్భ మొకటి చెప్పుడు" అనునది తరచుగ వచ్చు ప్రశ్న. ఇది యడుగుటకు బలమైన కారణము కలదు. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపమున పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానములు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించిరి. రెండవ విమానము రన్‌వే విడిచెనో లేదో యని ఇంజనీరు సందేహము తెలిపెను. కాని కెప్టెన్ పరుగు నాపలేదు. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లండు సమీపమున మరియొక కెప్టెన్ చక్రముల లోపమును గూర్చియే విచారించుచు ఆకాశమున తిరుగుచుండగా ఇంధన మైపోయి విమానము కూలెను. 10 మంది మరణించిరి. ఇంధనము తగ్గుచున్నదని తోడివారు చెప్పిరి గాని గట్టిగా చెప్పలేదు.

ఇట్టి యనుభవముల ఫలముగా 1981లో ఆ రెండవ విమానపు సంస్థయైన యునైటెడ్ వారు తమ చోదకులకు కలిసి పని చేయు పద్ధతిని నేర్ప నారంభించిరి. 1989 జులై 19న ఆ సంస్థ విమాన మొకటి తోక యింజను పగిలి, దిశను మార్చు సాధనము లన్నియు పనిచేయక పోయెను. కెప్టెన్ ఆల్ హేన్స్ ప్రయాణికులలో నున్న మరియొక చోదకుని సాయము కూడ కోరి, మిగిలిన ఇంజనుల బలమును హెచ్చించుచు తగ్గించుచు సూ సిటీ చేరెను. 296 మందిలో 184 మంది బ్రతికిరి. సందేహమును మర్యాదతోను, స్పష్టముగాను చెప్పగల నాలుకయు, దానిని వినగల చెవియు ప్రాణములను కాపాడునని దీనివలన తెలియుచున్నది.

"కెప్టెన్ మద్యము త్రాగి వచ్చెనని తోచినచో ఏమి చేయుదురు?" అనియు అడుగుదురు. స్నేహమును తలచి ఊరకుందునన్నవానికి ఉద్యోగము లేదు. ఆయనను నెమ్మదిగా పని మానుమని కోరి, వినకున్నచో పైవారికి తెలిపి, విమానమును కదలనీయకుండుట సరియైన సమాధానము.

5. సత్యము

"మీరు తప్పిన పరీక్షలేవి?" యను ప్రశ్నకు పలువురు భయపడుదురు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో సమీపమున విమానము కూలి 50 మంది మరణించిరి. దాని కెప్టెన్ తన దరఖాస్తులో పూర్వము తప్పిన పరీక్షలలో కొన్నిటిని తెలుపలేదని విచారణలో వెల్లడి యయ్యెను. తప్పిన పరీక్ష యొకటి ఉద్యోగమును పోగొట్టదు. దాచిన పరీక్ష నమ్మకమును పోగొట్టును. జరిగినదేమి, తన పని యేమి, తాను చేసినదేమి, దానివలన నేర్చినదేమి యని నాలుగు భాగములుగా ఉన్నదున్నట్లు చెప్పుటయే మంచి సమాధాన పద్ధతి.

6. బాలికలకు ఒక మాట

ఇది పురుషుల పనియే యని యెవ్వరును తలపకుందురుగాక. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను స్త్రీ యను కారణమున పలు సంస్థలు చేర్చుకొనలేదు. తుదకు మన హైదరాబాదునందలి డెక్కన్ ఎయిర్‌వేస్ వారు ఆమెకు పని యిచ్చిరి. ఆమె 1949లో జాతీయ విమాన పందెమున గెలిచెను. నేడు మన దేశమున స్త్రీ చోదకుల సంఖ్య వేయికి మించినది.

తల్లిదండ్రులారా, ఈ విద్యకు వ్యయ మధికము. ఉద్యోగము నిశ్చయము కాదు. అప్పు చేయుటకు ముందు బిడ్డకు వైద్యపరీక్ష చేయించుట వివేకము. విద్యార్థులారా, గణితమును, భౌతికశాస్త్రమును శ్రద్ధతో చదువుడు. తెలియనిదానిని తెలియదని చెప్పుటయు, లెక్క పుస్తకమున సరిగా వ్రాయుటయు, తోటివాని మాట తుదివరకు వినుటయు ఈ తరగతి గదిలోనే అలవరచుకొనుడు. ఈ గుణములు లేనివాని చేతిలో వందలమంది ప్రాణముల నుంచుట కేసంస్థయు సాహసింపరాదు.