ఏడ్చాక కళ్ల చుట్టూ మంట తగ్గాలంటే?

కనురెప్పల చర్మం ఒంట్లో అన్నిటికంటే పలుచన. మందం అర మిల్లీమీటరు, అంతకు కాస్త అటూఇటూ. కన్నీటిలోని ఉప్పు కొంత మంట పుట్టిస్తుంది గానీ, పమిట చెంగుతోనో తువ్వాలుతోనో పదేపదే ఒత్తి తుడవడమే ఎక్కువ చేటు. ముందు చన్నీళ్లతో ముఖం కడిగి, రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. ఆ గుడ్డనే చల్లటి నీళ్లలో తడిపి పిండి, మూసిన కళ్లపై 5-10 నిమిషాలు ఉంచితే వాపూ మంటా నెమ్మదిస్తాయి. ఐసుముక్క నేరుగా పెట్టకూడదు. తర్వాత వాసన కలపని పెట్రోలియం జెల్లీని, కంట్లో పడకుండా, ఎర్రబడిన చోట పలుచగా రాయాలి. మళ్లీ కన్నీళ్లొచ్చినా చర్మానికి అది అడ్డుపొరలా నిలుస్తుంది. మంట తగ్గేదాకా కాటుక, సబ్బు, సువాసన క్రీములు వద్దు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు అసలే రాయకూడదు, కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. చూపు మసకబారినా, పుసి కట్టినా, కంటిలోపల నొప్పి ఉన్నా కంటి డాక్టరుకు చూపించాలి.