ఏసీ కంటే ముందు డాబా



విజయవాడలో ఇల్లు పై అంతస్తులో దొరికిందని, కరీంనగర్ కూలర్ పట్టుకుపోనా, ఏసీ కొననా అని అడిగావు. కూలర్ ఇక్కడే ఉండనీ తల్లీ. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కనుక కూలర్ గడ్డిలోని నీళ్లు ఆవిరై చల్లదనం వస్తుంది. కృష్ణ ఒడ్డున గాలిలో ముందే తేమ ఉంటుంది. అక్కడ కూలర్ పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది.

ఏసీ తప్పదు. కానీ షాపుకు వెళ్లేముందు ఒక రాత్రి సీలింగుకు చెయ్యి ఆనించి చూడు. వేడిగా తగిలిందంటే పగలంతా స్లాబు తాగిన ఎండ గదిలోకి దిగుతోందన్నమాట. ఎంత మంచి ఏసీ అయినా తెల్లవార్లూ ఆ వేడినే తోడిపోస్తుంది, బిల్లు నువ్వు కడతావు. ఇంటివాళ్లను అడిగి డాబాకు సున్నమో, తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేయించు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. పడమటి కిటికీకి వెదురు తడక బయటివైపు కట్టు. లోపల కర్టెన్ వేస్తే అప్పటికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది.

టన్నుల దగ్గర నేను చేసిన తప్పు నువ్వు చేయకు. చిన్న పడకగదికి రెండు టన్నులది పెట్టించాను. గది చిటికెలో చల్లబడేది, కంప్రెసర్ ఆగిపోయేది, తేమ మాత్రం పోయేది కాదు. మీ అత్తయ్య ఆ జిడ్డు భరించలేక వరండాలో పడుకునేది. పది పన్నెండు అడుగుల గదికి డాబా చల్లబరిచాక ఒక టన్ను సరిపోవచ్చు. గది కొలిచి చూపించి అడుగు. ఇన్వర్టర్‌దే తీసుకో, అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది.

స్టార్లు లెక్కపెట్టి ఊరుకోకు. ఆ స్టార్ లేబుల్ ఏ సంవత్సరాలకు చెల్లుతుందో చూడు, ప్రమాణాలు మారుతుంటాయి. ఏడాదికి ఎన్ని యూనిట్లో కూడా దానిమీదే ఉంటుంది, 1600 గంటల వాడకానికి. ఒకదానిపై 950, ఇంకోదానిపై 750 అని ఉందనుకో, తేడా 200 యూనిట్లు. నువ్వు ఇంకా ఎక్కువ గంటలు వాడతావు. పైగా ఆ యూనిట్లు పడేది కరెంటు బిల్లులో ఎక్కువ రేటుండే పై స్లాబులో.

ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను వేసుకో. ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని, ఆ స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతోంది.

ఇంటివాళ్లు డాబాకు ఒప్పుకున్నారో లేదో రాయి. ఖర్చు దగ్గర వెనకాడితే సున్నం డబ్బులు నేను పంపుతాను.

మామయ్య