ఏటవాలు నేలపై ఇల్లు ఎచ్చట కట్టవలెను?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గుట్టల వాలున ఇల్లు కట్టదలచువారు మొదట వాననీటి దారిని గమనింపవలెను. 2021 సెప్టెంబరు వానలకు సిరిసిల్ల పట్టణమున పల్లపు వీధులు నీట మునిగిన సంగతి మరువరాదు.

వాగు ఒడ్డును, చెరువు శిఖమును, రెండు మెరకల నడుమ పల్లమును విడువుడు. వేసవిలో ఎండియుండు పల్లమే వానకాలమున కాలువ యగును. నిట్రమైన వాలున మన్ను జారును. వాలు తక్కువైన గట్టి మొరము నేల మేలు.

ఇంటి పొడవును వాలుకు అడ్డముగా నుంచినచో త్రవ్వకము తగ్గును. పునాదిని గట్టి నేలపైననే నిలుపుడు; పోసిన మట్టి అణగినచో గోడలు బీటలువారును. ఎగువన అడ్డుకాలువ త్రవ్వి నీటిని ప్రక్కకు మళ్ళింపుడు. అది పొరుగువారి గోడకు తగులరాదు.

స్థలము కొనుటకు ముందు ఒక పెద్దవాన నాడు అచ్చట నిలిచి చూడుడు. ఊరి పెద్దలను అడుగుడు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క వానకు పోరాదు.