కార్ఖానా ఇల్లు, అమెరికా కొలువు: డబ్బు గురించి తరచూ అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ కార్ఖానాలో విక్రంపురి వైపు వెళ్లినా, కాకాగూడ వైపు వెళ్లినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు బోలెడు. సుంకాలు, వీసా ఫీజులు, బడ్జెట్ వార్తలు ఈ ఇళ్లలో నెలఖర్చు లెక్కలోకి వచ్చేస్తాయి. చట్టం పన్ను రసీదు ఎవరి పేరున రాయాలో చెప్పి ఊరుకుంటుంది. చివరికి ఎవరి జేబుకు చిల్లు పడిందో వెతకడం ఆర్థికవేత్త పని. కింది జవాబుల్లో రెండూ చూద్దాం.

ప్ర: మావాడి ఎమ్మెస్ ఫీజుకు 25 లక్షలు పంపాలి. బ్యాంకులో 20 శాతం పట్టుకుంటామంటున్నారు. నిజమేనా?

చదువుకైతే అంత పట్టరు. సొంత డబ్బు పంపితే ఏడాదికి మొదటి 10 లక్షల మీద టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. మిగతా 15 లక్షల మీద 2025-26లో 5 శాతం, అంటే 75 వేలు. 2026 బడ్జెట్ దాన్ని 2 శాతానికి దించింది కాబట్టి ఏప్రిల్ 1 నుంచి అదే మొత్తానికి 30 వేలు. బ్యాంకు విద్యారుణం నుంచి పంపితే ఏమీ ఉండదు.

మరి 20 శాతం మాట ఎక్కడిది? విదేశాలకు డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారంలో, డబ్బు ఎందుకో చెప్పే పర్పస్ కోడ్ గడి నుంచి వచ్చి ఉంటుంది. విదేశీ చదువు, హాస్టల్ ఖర్చులకు కోడ్ ఎస్0305. కౌంటర్లో తొందరపడి కుటుంబ పోషణ కోడ్ ఎస్1301 వేశారంటే మీరు 20 శాతం లెక్కలో పడ్డట్టే. సంతకానికి ముందు ఆ గడి చూసుకోండి, యూనివర్సిటీ ఫీజు లేఖ జత చేయండి. 10 లక్షల పరిమితి పాన్‌కు ఒకటి; నాలుగు బ్యాంకుల నుంచి పంపినా పెరగదు. తల్లీ తండ్రీ ఎవరి సొంత డబ్బు వాళ్లు పంపితే మాత్రం ఎవరి పరిమితి వారిదే.

టీసీఎస్ రిటర్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. పింఛను మీద బతికే ఒక రిటైర్డ్ సుబేదారుకు మాత్రం అది ప్రభుత్వానికి నెలల తరబడి ఇచ్చిన వడ్డీలేని చేబదులు. ఆ పోయిన వడ్డీనే నేను అసలు పన్ను అంటాను.

ప్ర: అమ్మాయి నెలనెలా పంపే డబ్బులో అమెరికా 1 శాతం కోస్తుందట. ఇక్కడ కూడా పన్ను ఉందా?

2026 జనవరి 1 నుంచి వచ్చిన ఆ 1 శాతం నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాళ్లకే. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, డెబిట్ కార్డుతోనో పంపితే లేదు. అంటే బ్యాంకు ఖాతా కూడా లేని కూలీ మీదే ఈ దెబ్బ. ఇక్కడ కన్నబిడ్డ ఇచ్చిన డబ్బు మీద, ఎంతైనా సరే, ఆదాయపు పన్ను ఉండదు. దాన్ని ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ మీద ఉంటుంది.

ప్ర: హెచ్-1బీ ఉద్యోగ వీసాకు పెట్టిన లక్ష డాలర్ల ఫీజులో సగం మమ్మల్నే కట్టుకోమంటే?

కట్టొద్దు. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమలైన ఆ ఫీజు అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు వర్తిస్తుంది, కట్టాల్సింది కంపెనీ. పిటిషన్ ఖర్చులు యజమాని వ్యాపార ఖర్చులేనని అక్కడి కార్మిక శాఖ నిబంధన. అక్కడే చదివి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి, పొడిగింపులకు ఈ ఫీజు వర్తించదని అక్కడి వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ అక్టోబర్ 20న స్పష్టం చేసింది. మళ్లీ పొడిగించకపోతే, ఈ ఫీజు పెట్టిన అధ్యక్షుడి ప్రకటన గడువు 12 నెలలే.

రసీదు కంపెనీ పేరునే ఉన్నా భారం అక్కడ ఆగదు. లక్ష డాలర్లు పెట్టి కొత్త కుర్రాణ్ని పిలిపించే బదులు ఆ పనినే హైదరాబాద్ గచ్చిబౌలికి పంపడం కంపెనీకి చవక. అలా నష్టపోయేది ఆఫర్ లెటర్ రాని పిల్లవాడు. వాడి పేరున ఏ రసీదూ ఉండదు.

ప్ర: ఆవకాయ, కందిపొడి పంపినా సుంకమేనా?

800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25న ఆపిన బుకింగులు అక్టోబర్ 15న మళ్లీ మొదలయ్యాయి. 100 డాలర్లలోపు గిఫ్టులకు మినహాయింపు ఉంది కాబట్టి గిఫ్టు అని రాయండి, విలువ నిజంగానే రాయండి. అమ్మకం సరుకైతే సుంకం ఇక్కడే బుకింగ్ సమయంలో ముందుగా కట్టించుకుంటారు. రేట్లు మారుతున్నాయి, ఆ రోజే అడగండి. నూనె కారకుండా చూసుకోవడం మాత్రం ఏ నిబంధన కిందికీ రాదు, మీ పనే.

ప్ర: ఇక్కడ చదివి అక్కడ స్థిరపడితే మన ప్రభుత్వం పన్ను వేస్తుందా?

లేదు. వలస వెళ్లిన నిపుణుల ఆదాయం మీద అదనపు పన్ను వేసి పేద దేశాలకు ఇవ్వాలని 1970లలో జగదీశ్ భగవతి ప్రతిపాదించారు. మన దగ్గర అది అమలు కాలేదు. మన ఆదాయపు పన్ను ప్రధానంగా మనిషి ఎక్కడ ఉంటున్నాడో చూస్తుంది, పాస్‌పోర్టు కాదు.

ప్ర: నేను టెక్సాస్‌లో హెచ్-1బీ మీద ఉన్నా. కార్ఖానా ఫ్లాటు అద్దె అమ్మ ఖాతాలో పడుతోంది. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. ఫ్లాటు మీ పేరున ఉంటే అద్దె ఎవరి ఖాతాలో పడ్డా ఆదాయం మీదే. యజమాని ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా కిరాయిదారు అద్దెలోంచి 31.2 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి చాలామంది కిరాయిదార్లకు తెలియదు, నోటీసు వచ్చేది మాత్రం వాళ్లకే. మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్నారైలకు ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోండి.

ఇక ఇంటి పన్ను సంగతి: ఫ్లాటు సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో ఉంటే దాన్ని కంటోన్మెంట్ బోర్డుకే కట్టాలి.

హెచ్-1బీ మీద అక్కడే ఉంటున్నారు కాబట్టి ఈ అద్దె అమెరికా రిటర్నులోనూ చూపాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికాలో ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. అమ్మతో జాయింటు ఖాతా ఉంటే అదీ లెక్కే. గడువు ఏప్రిల్ 15, దాటితే అక్టోబర్ 15 వరకు అడగకుండానే పొడిగింపు ఉంటుంది.